నలభై ఏళ్ల జీవితం, నిలిచిపోయిన నాదం: శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్



2026 సెప్టెంబర్ 23 నాటికి జాన్ కోల్ట్రేన్ పుట్టి నూరేళ్లు నిండుతాయి. అమెరికా నల్లజాతివారి జాజ్ సంగీతంలో శాక్సోఫోన్ వాయించిన ఈయన బతికింది నలభై ఏళ్లే. సొంత పేరుతో రికార్డులు చేసింది పదేళ్లు మాత్రమే. ఆ పదేళ్లలో ఆయన చేసిన పని దగ్గరే ఇవాళ్టికీ ప్రపంచంలో శాక్సోఫోన్ పట్టిన ప్రతి కుర్రవాడూ ఆగి నేర్చుకోవలసి వస్తోంది.

ఈ వ్యాసం సంగతి చెప్పినప్పుడు మా సంఘంలో ఒకరిద్దరు పెద్దలు, మన తెలుగువాళ్ల పత్రికలో ఈ అమెరికా ఆయన ఎందుకండీ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పిన జవాబు ఇది. శాక్సోఫోన్ మనకు కొత్త వాద్యం కాదు. మంగళూరు, ఉడుపి వైపు కాపురమున్న మన కుటుంబాలకు పెళ్లిలో, గుడి ఉత్సవంలో శాక్సోఫోన్ వినడం మామూలే. ఆ ప్రాంతపు కద్రి గోపాల్‌నాథ్ గారు ఆ విదేశీ వాద్యం మీద త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలు వాయించి, కర్ణాటక సంగీత సభల్లో దానికి పీట వేయించారు. కోల్ట్రేన్ అటువైపు నుంచి మన సంగీతం దిక్కుగా నడిచి వచ్చారు. పైగా ఆయనది కూడా పుట్టిన ఊరు వదిలి, పాటను వెంట తెచ్చుకున్న కుటుంబమే. ఈ రెండో సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు.

హై పాయింట్ నుంచి ఫిలడెల్ఫియాకు

కోల్ట్రేన్ 1926లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని హ్యామ్లెట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పెరిగింది అదే రాష్ట్రంలోని హై పాయింట్‌లో. తండ్రి దర్జీ. పని అయ్యాక సరదాకు వయొలిన్, యుకులేలీ వాయించేవారు. తల్లి తరఫు తాతగారు చర్చిలో బోధకులు. ఆ తాతగారి ఇంట్లోనే అందరూ ఉమ్మడిగా ఉండేవారు. ప్రార్థన, పాట, పెద్దల మాట, ఇవే ఆ పిల్లవాడి చిన్నతనం.

పన్నెండో ఏట ఆ ఇంటి మీద పిడుగు పడింది. 1938 చివర మొదలై కొద్ది నెలల్లోనే తాతగారు, తండ్రి, అమ్మమ్మ ఒకరి వెనుక ఒకరు పోయారు. ఇంటి బరువంతా ఆడవాళ్ల మీద పడింది. ఊళ్లోని బాలల బ్యాండులో క్లారినెట్ వాయించడం మొదలుపెట్టిన కుర్రవాడు ఆ తర్వాత శాక్సోఫోన్‌కు మారి, ఇక దాన్ని వదల్లేదు. దక్షిణాది రాష్ట్రాల నుంచి లక్షల మంది నల్లజాతివారు పని కోసం, కాస్త మర్యాదగా బతకడం కోసం ఉత్తరాది నగరాలకు వలస వెళ్తున్న రోజులవి. తల్లి ముందుగా వెళ్లి పనిలో చేరారు. కొడుకు హైస్కూలు చదువు ముగించుకుని 1943లో ఫిలడెల్ఫియాకు చేరారు. పదిహేడో పుట్టినరోజుకు ఆ తల్లి కొడుక్కి ఒక ఆల్టో శాక్సోఫోన్ కొనిచ్చారు. కొత్త ఊళ్లో నిలదొక్కుకుంటున్న ఒంటరి తల్లికి అది చిన్న ఖర్చు కాదు.

1945లో నౌకాదళంలో చేరి హవాయిలో పనిచేశారు. అక్కడే 1946 జులైలో తోటి నావికులతో కలిసి మొదటిసారి రికార్డు చేశారు. పందొమ్మిదేళ్ల కుర్రవాడి వాయిద్యం అది, అందులో గొప్పతనం ఏమీ వినిపించదు. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి చెప్పండి. ఆయన పుట్టు విద్వాంసుడు కారు, సాధనతో అయిన విద్వాంసుడు. గంటల తరబడి స్వరాలు సాధన చేసేవారని, వాద్యం పట్టుకునే నిద్రపోయేవారని ఎరిగినవాళ్లు చెప్పుకునేవారు.

పడిపోయి లేచిన ఏడాది

నౌకాదళం నుంచి వచ్చాక డిజ్జీ గిలెస్పీ, జానీ హాడ్జెస్ వంటి పెద్దల బృందాల్లో చోటు దొరికింది. ఆల్టో నుంచి టెనర్ శాక్సోఫోన్‌కు మారారు. 1955లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆయన్ని తన బృందంలోకి తీసుకున్నారు. అయితే ఆ కాలపు జాజ్ వాద్యకారులు ఎందరినో మింగిన హెరాయిన్ అప్పటికే కోల్ట్రేన్‌ను కూడా పట్టుకుంది. తాగుడు దానికి తోడైంది. 1957లో డేవిస్ ఆయన్ని బృందం నుంచి తీసేశారు.

ముప్పై ఏళ్ల వయసులో, పేరు వస్తున్న సమయంలో పని పోయింది. ఆయన ఫిలడెల్ఫియాలో తల్లి ఉన్న ఇంటికి చేరి, ఆ వ్యసనాన్ని ఒక్కసారిగా మానేశారు. మందు లేకుండా ఆ బాధను ఓర్చుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు. ఆ రోజుల్లోనే తనకు దైవకృప కలిగిందని, తన సంగీతంతో ఇతరులకు సంతోషం ఇచ్చే శక్తిని ఇమ్మని దేవుణ్ణి వేడుకున్నానని ఏడేళ్ల తర్వాత ఒక రికార్డు అట్ట మీద ఆయనే రాసుకున్నారు. ఆ రికార్డు సంగతి కిందికి వస్తుంది.

అదే ఏడాది పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే చోట నెలల తరబడి ఆయన్ని పక్కన పెట్టుకుని వాయించారు. కోల్ట్రేన్‌కు అది గురుకులవాసం లాంటిది.

1957 సెప్టెంబర్ 15న 'బ్లూ ట్రేన్' రికార్డయింది. చేసింది పెద్ద స్టూడియోలో కాదు. న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో. వాన్ గెల్డర్ పగలు కళ్లజోళ్ల పరీక్షలు చేసుకుంటూ, మిగిలిన వేళల్లో రికార్డింగ్ చేసేవారు. జీవితమంతా పగలు ఆఫీసు ఫైళ్లు, సాయంత్రం సంఘం పనులు చూసుకున్న మావంటివాళ్లకు ఆయన మీద ఒకింత అభిమానం కలగక మానదు. అందులోని అయిదు పాటల్లో నాలుగు కోల్ట్రేన్ సొంత రచనలు. ట్రంపెట్ వాయించిన లీ మోర్గాన్‌కు అప్పటికి పందొమ్మిదేళ్లు.

1959: రెండు రికార్డులు, రెండు దారులు

1958లో డేవిస్ ఆయన్ని మళ్లీ పిలిచారు. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో కొలంబియా వారి స్టూడియోలో రెండే రెండు విడతల్లో 'కైండ్ ఆఫ్ బ్లూ' తయారైంది. ఇప్పటివరకు ఎక్కువగా అమ్ముడైన జాజ్ రికార్డులలో అది ఒకటి.

అందులో కొత్తదనం ఏమిటో మన సంగీతం తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. అంతకు ముందు జాజ్‌లో పాట కింద స్వరగుచ్ఛాలు, అంటే కార్డులు, గబగబా మారుతూ ఉండేవి. వాయించేవాడు వాటి వెంట పరుగెత్తాలి. డేవిస్ ఆ పరుగు మాన్పించి, ఒకే స్వరక్రమం మీద చాలాసేపు నిలబెట్టారు. మనం ఒక రాగంలో కూర్చుని ఆలాపన చేసినట్టు. 'సో వాట్' అనే మొదటి పాట నిలబడింది డోరియన్ అనే స్వరక్రమం మీద. ఆ స్వరాలు సరిగ్గా మన ఖరహరప్రియ స్వరాలే. మహారాష్ట్రలోని మనవాళ్లు హిందుస్తానీలో కాఫీ థాట్ అంటారే, అదే. గమకాలు ఉండవు, నడక వేరు, కాబట్టి వినగానే ఖరహరప్రియ అనిపించదు. స్వరస్థానాలు మాత్రం అవే. ఖరహరప్రియకు త్యాగరాజస్వామి ఎన్ని కీర్తనలతో ప్రాణం పోశారో మనకు తెలుసు.

వారాలు తిరగకుండానే, మే నెలలో, కోల్ట్రేన్ సొంత రికార్డు 'జయంట్ స్టెప్స్' కోసం వాయించారు. ఇది పూర్తిగా ఎదురు దారి. ఇందులో కార్డు రెండు తాళపు దెబ్బలకు ఒకటి చొప్పున మారుతుంది. ఆధార షడ్జం మూడు చోట్ల మధ్య దూకుతూ ఉంటుంది. అదీ మహా వేగంతో. మన మాటల్లో చెప్పాలంటే, ద్రుతకాలంలో ప్రతి ఆవర్తనంలోనూ గ్రహభేదం చేస్తూ కల్పనస్వరం వేయడం లాంటిది. పియానో మీద ఉన్న టామీ ఫ్లానగన్ సామాన్యుడు కారు. అటువంటివాడు తన వంతు వచ్చేసరికి తడబడి మధ్యలో ఆగి ఆగి వాయించడం ఆ రికార్డులో నేటికీ వినిపిస్తుంది. కోల్ట్రేన్ వాయిద్యం మాత్రం ఎక్కడా తొణకదు.

మా ఇంటివాళ్లకు నచ్చిన సంగతి మరొకటుంది. ఇంత లెక్కల చిక్కు ఉన్న రికార్డులో ఆయన పాటలకు పెట్టిన పేర్లు ఇంటివాళ్లవి. 'నైమా' భార్య పేరు. 'సయీదాస్ సాంగ్ ఫ్లూట్' ఆమె కూతురికి. 'కజిన్ మేరీ' చిన్నప్పటి నుంచి తనతో ఒకే ఇంట్లో పెరిగిన పినతల్లి కూతురికి. 'మిస్టర్ పి.సి.' బాస్ వాయించిన మిత్రుడు పాల్ చేంబర్స్‌కు. 'నైమా' నెమ్మదైన పాట. సంగీతం తెలియనివాళ్లు కూడా కూర్చుని వినగలరు.

సోప్రానో, తిశ్రగతి, భారతదేశం

1960 అక్టోబర్ 21న 'మై ఫేవరెట్ థింగ్స్' రికార్డు చేశారు. అది ఒక సంగీత నాటకంలోని పిల్లల పాట, అందరికీ తెలిసిన పాట. దాన్ని కోల్ట్రేన్ సోప్రానో శాక్సోఫోన్ మీద దాదాపు పద్నాలుగు నిమిషాలు వాయించారు. సోప్రానో నిటారుగా ఉండే చిన్న వాద్యం. దాని గొంతులో మన సన్నాయి ఛాయ ఉంటుంది. మూడు దెబ్బల తిశ్ర నడక. పియానో మీద మెక్కాయ్ టైనర్ రెండు కార్డులను ఒరవడిలా తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటే, వెనుక ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ మీద లయ అల్లుతారు. పైన శాక్సోఫోన్ తిరుగుతూ, ఎగురుతూ, మళ్లీ పల్లవికి వచ్చి వాలుతుంది. మన కచేరీ అలవాటున్న చెవికి ఈ పద్ధతి ఇట్టే పట్టుబడుతుంది. ఆయన్ని సామాన్య జనంలోకి తీసుకుపోయిన రికార్డు ఇదే.

ఇది యాదృచ్ఛికం కాదు. ఆ రోజుల్లో ఆయన భారతీయ సంగీతాన్ని శ్రద్ధగా వింటున్నారు. 1961 నవంబర్‌లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే చోట 'ఇండియా' అనే పేరుతోనే ఒక పాట వాయించారు. రెండు బాస్ వాద్యాలు పెట్టి తంబురా శ్రుతి లాంటి ఆధారం నిలిపి, దాని మీద ఎరిక్ డాల్ఫీతో కలిసి వాయించారు. కొందరు విమర్శకులు ఇది అసలు జాజే కాదని గట్టిగా దుయ్యబట్టారు. 

పండిట్ రవిశంకర్ గారిని కలిసి, భారతీయ సంగీత పద్ధతుల గురించి కొన్ని పాఠాలు చెప్పించుకున్నారు. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ రవి కోల్ట్రేన్ నేడు పేరున్న శాక్సోఫోన్ విద్వాంసుడు. కోల్ట్రేన్ వాయిద్యంలో తనకు ఒక కలత వినిపించిందని రవిశంకర్ గారు తర్వాత చెప్పుకున్నారు. దాన్ని తప్పు పట్టనవసరం లేదు. ఆ కలతకు కారణం ఆయన కాలంలోనే ఉంది.

అలబామా, ఆపైన ప్రార్థన

1963 సెప్టెంబర్ 15 ఆదివారం. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివారి చర్చిలో జాతి విద్వేషులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒక పాపకు పదకొండేళ్లు. బోధకుడైన తాతగారి ఇంట్లో పెరిగిన కోల్ట్రేన్‌కు చర్చిలో పిల్లలు చనిపోవడం అంటే ఏమిటో వేరే చెప్పాలా. రెండు నెలల తర్వాత, నవంబర్ 18న, 'అలబామా' రికార్డు చేశారు. మాట లేదు, నినాదం లేదు. పియానో కింద నుంచి ఉరుములా మోగుతుంటే, శాక్సోఫోన్ శోకంలో ఉన్న పెద్దమనిషి మాట్లాడినట్టు ఆగి ఆగి వాయిస్తుంది. అయిదు నిమిషాల పాట అది. ఈ వ్యాసంలోని రికార్డుల్లో ఒక్కటే వినే తీరిక ఉన్నవారికి మేము దీన్నే వినమంటాము.

ఆ తర్వాత ఏడాదికి, 1964 డిసెంబర్ 9న, 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డయింది. మెక్కాయ్ టైనర్, జిమ్మీ గారిసన్, ఎల్విన్ జోన్స్, కోల్ట్రేన్, నలుగురే. పనంతా ఒక్క సాయంత్రంలో ముగిసింది. ఆ వేసవిలో లాంగ్ ఐలాండ్‌లోని డిక్స్ హిల్స్ ఇంట్లో, మేడ మీద గదిలో ఒంటరిగా కూర్చుని ఆయన ఈ రచన సిద్ధం చేసుకున్నారు. ఇది నాలుగు భాగాల ప్రార్థన. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న పలుకు ఒకటి వస్తుంది. దాన్ని పన్నెండు శ్రుతుల్లోనూ తిప్పి వాయించి, చివరకు నోటితో నామంలా జపిస్తారు. నాలుగో భాగంలో ఆయన చేసింది మరీ విశేషం. దేవుడి మీద తాను రాసిన పద్యాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్క అక్షరానికీ స్వరం కట్టి శాక్సోఫోన్ మీద చదివారు. పద్యం అట్ట మీద అచ్చయింది. దాన్ని చూస్తూ వింటే వాద్యం వెంట వేలు పెట్టి చదువుకోవచ్చు. సాహిత్యం తెలిసి వాయించాలని మన వైణికులు, నాదస్వర విద్వాంసులు శిష్యులకు చెప్పే మాట ఇదే కదా. 1957లో తాను పడి లేచిన కథను, తన కృతజ్ఞతను ఆయన రాసుకున్నది ఈ రికార్డు అట్ట మీదే.

చివరి రోజులు

1965 జూన్‌లో పదకొండు మందితో 'అసెన్షన్' రికార్డు చేశారు. నలభై నిమిషాల హోరు అది. అభిమానులు కూడా చాలామంది తట్టుకోలేకపోయారు. ఆయన వెళ్తున్న దారిలో తాము ఇమడలేక టైనర్, జోన్స్ బృందం వదిలారు. పియానో దగ్గరకు రెండో భార్య అలీస్ వచ్చారు. 1966 జులైలో జపాన్ పర్యటనకు వెళ్లినప్పుడు నాగసాకిలో అణుబాంబు మృతుల స్మారక స్థలానికి వెళ్లి ప్రార్థించారు. 1967 ఫిబ్రవరిలో ఒక్క డ్రమ్స్ తోడుగా 'ఇంటర్‌స్టెల్లర్ స్పేస్' వాయించారు. అప్పటికే జబ్బు ముదురుతోంది. 1967 జులై 17న కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

నలుగురు పిల్లల బాధ్యత, భర్త సంగీతం బరువు అలీస్ మీద పడ్డాయి. ఆమె మనవైపు తిరిగారు. కోయంబత్తూరు ప్రాంతంలో పుట్టిన స్వామి సచ్చిదానందను మొదట ఆశ్రయించి, ఆయన పేరుతోనే ఒక రికార్డు చేశారు. తర్వాత మన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలయ్యారు. స్వామిని తురీయసంగీతానందగా పేరు మార్చుకుని, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి, నల్లజాతి చర్చి పాటల బాణీలో మన దేవుళ్ల భజనలు పాడించారు. హై పాయింట్‌లో తాతగారి చర్చి దగ్గర మొదలైన దారి అలా తెలుగు నేల దాకా వచ్చింది.

ఇంట్లో దొరికిన టేపు

మన ఇళ్లకు సూటిగా తగిలే సంగతి ఒకటుంది. 1963 మార్చి 6న కోల్ట్రేన్ బృందం ఒక పూర్తి రికార్డుకు సరిపడా వాయించింది. కంపెనీ దగ్గరున్న అసలు టేపు పోయింది. అయితే ఆ రోజు ఇంట్లో వినడానికని ఆయన ఒక నకలు తెచ్చుకున్నారు. అది మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర ఉండిపోయింది. విడిపోయిన భర్త టేపు అని ఆ ఇంటివాళ్లు పారేయలేదు. యాభై అయిదేళ్ల తర్వాత, 2018లో, అది 'బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్' పేరుతో లోకానికి అందింది. అలాగే 1957 నవంబర్ 29న మంక్, కోల్ట్రేన్ కార్నెగీ హాలులో చేసిన కచేరీ టేపు 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికింది. డబ్బా మీద ఎవరో గుమాస్తా తేదీ, స్థలం రాసి పెట్టబట్టి అది ఏమిటో తెలిసింది. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మీద నంబర్లు వేసిన మాకు ఆ తెలియని గుమాస్తాకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

మన సంగతి చూసుకుందాం. మన అమ్మమ్మలు, నాయనమ్మలు మూడు తరాల కింద ఊరు వదిలి వచ్చేటప్పుడు తెచ్చుకున్న మంగళహారతులు, లాలిపాటలు, నలుగుపాటలు 1980ల్లో కొందరి ఇళ్లలో క్యాసెట్లలోకి ఎక్కాయి. అందులోని తెలుగు ఇటు కన్నడం, అటు తమిళం, ఒడియా, మరాఠీ నడుమ బతికిన తెలుగు. ఆ మాటతీరు ఇప్పుడు ఆంధ్రలోనూ వినపడదు, మన పిల్లల నోటా వినపడదు. ఆ క్యాసెట్లు అటకల మీద బూజు పడుతున్నాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పాత సామాన్లవాడి బండి ఎక్కుతున్నాయి. మనకోసం ఏ కంపెనీ వాటి నకలు దాచి ఉండదు.

కాబట్టి మా విన్నపం చిన్నది. ఈ ఆదివారం ఒకసారి అటక దింపండి. దొరికిన క్యాసెట్‌ను వెంటనే పాత యంత్రంలో పెట్టి తిప్పకండి, టేపు తెగే ప్రమాదం ఉంది. ముందు డబ్బా మీద పాడింది ఎవరు, ఏ ఊరివారు, సుమారు ఏ ఏడు అన్నది ఇంట్లో తెలిసిన పెద్దవాళ్లను అడిగి రాయండి. వాళ్లు ఉన్నప్పుడే అడగండి. తర్వాత ఫోనులోకో కంప్యూటర్‌లోకో ఎక్కించే పని తెలిసిన కుర్రవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు, వారి సాయం తీసుకోండి. నకలు కనీసం రెండు చోట్ల ఉంచండి.

ఇక కోల్ట్రేన్‌ను వినదలచినవారికి: ముందు 'నైమా', తర్వాత 'మై ఫేవరెట్ థింగ్స్', ఆపైన 'అలబామా' వినండి. ఒక సాయంత్రం తీరిక చేసుకుని 'ఎ లవ్ సుప్రీమ్' ముప్పై మూడు నిమిషాలూ మధ్యలో లేవకుండా వినండి. 'అసెన్షన్' తొందరపడి పెట్టకండి, పక్కింటివాళ్లతో మాట పడవలసి వస్తుంది.